రక్తం చూశారు, మూత్రం చూసేదెవరు?

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధానమంత్రి జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్‌ను ప్రారంభించారు. 17 రాష్ట్రాల్లో 7 కోట్ల మందికి రక్తపరీక్ష చేస్తామన్నారు. 2047 నాటికి ఈ జబ్బే లేకుండా చేస్తామన్నారు. ఆ 17 రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఉంది, పక్కనున్న తెలంగాణ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఉన్నాయి. అరకు, పాడేరు కొండల్లోకీ ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు వచ్చారు. వేలి చివర పొడిచి చుక్క రక్తం తీసుకున్నారు. ఎవరికి జబ్బు ఉంది, ఎవరు జబ్బు లేకుండా ఆ లక్షణాన్ని మాత్రం మోస్తున్నారు, ఎవరికి ఏమీ లేదు అన్నది రాసిన కార్డులు ఇస్తున్నారు.

ఇది మంచి పనే. కాదనను. కానీ ఒక ప్రశ్న అడగాలి. ఆ కార్డు ఎందుకు? ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకుంటే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అందుకని పెళ్ళికి ముందు కార్డులు చూసుకోమంటున్నారు. అంటే రేపు పుట్టబోయే బిడ్డ కోసం ఆ కార్డు. మరి ఇప్పటికే జబ్బుతో పుట్టి, పాతికేళ్ళో నలభై ఏళ్ళో బతికి, కాఫీ తోటలో కూలికి పోతూ, కొండ మీద చోడి పండించుకుంటూ, పిల్లల్ని సాకుతున్న మనిషికి ఆ కార్డు ఏం చేస్తుంది? మార్గదర్శకాల్లో చికిత్స మాటే లేదని నేను అనను. కాగితం మీద చాలా ఉంటాయి. ఊళ్ళోకి దిగేసరికి మిగిలేది సూదిపోటు, కార్డు, ఒక సమావేశం, ఒక ఫోటో.

ఇంకో సంగతి. ఈ మిషన్ పరీక్షలు పుట్టిన బిడ్డ నుంచి 40 ఏళ్ళ వరకే. ఎందుకు 40? పెళ్ళి, పిల్లల వయసు అక్కడికి అయిపోతుంది కాబట్టి. 41 ఏళ్ళ ఆదివాసీ ఆ లెక్కలో లేడు. ఈ జబ్బు కిడ్నీలను పూర్తిగా తినేది చాలామందిలో సరిగ్గా ఆ వయసుల్లోనే. నేను రాయదలచుకున్నది ఆ కిడ్నీల గురించి.

జబ్బు మన తప్పు కాదు

ముందు పిల్లలకు చెప్పినట్టు చెప్పుకుందాం, ఎందుకంటే దీన్ని పిల్లలకు చెప్పాల్సింది మనమే.

రక్తానికి ఎరుపు ఇచ్చేది హిమోగ్లోబిన్. దానిలోని ఒక గొలుసులో 146 పూసలున్నాయనుకోండి. సికిల్ సెల్‌లో ఆరో పూస ఒక్కటి మారిపోతుంది. గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వస్తుంది. అంతే తేడా. కానీ ప్రాణవాయువు తగ్గినప్పుడు ఈ హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని కడ్డీల్లా గట్టిపడుతుంది. గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఇది పది, ఇరవై రోజుల్లోనే పగిలిపోతుంది. అందుకే రక్తం చాలదు, కళ్ళు పచ్చబడతాయి. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డం పడతాయి. అందుకే ఎముకల్లో, కీళ్ళలో, ఛాతీలో ఆ భరించలేని నొప్పి.

మన కొండల్లో ఈ నొప్పికి ఎన్ని పేర్లు పెట్టారో మీకు తెలుసు. గాలి సోకిందన్నారు. చిల్లంగి అన్నారు. దిసారి దగ్గరకు తీసుకుపోయి కోళ్ళు కోశారు. ఎవరో ముసలమ్మ మీద అనుమానం పెట్టుకుని ఊళ్ళు పగలు పెంచుకున్నాయి. అది చిల్లంగి కాదు, శాపం కాదు. 1954లో ఎ.సి. అల్లిసన్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికాలో తేల్చినదేమిటంటే, ఈ లక్షణాన్ని ఒక్క వైపు నుంచి మాత్రమే పొందినవాళ్ళకు మలేరియా నుంచి కాపుదల ఉంటుంది. మలేరియా అడవుల్లో తరతరాలుగా బతికిన జనం రక్తంలో ఇది నిలిచిపోవడానికి కారణం అదే. తాతల్ని బతికించినదే, ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ వచ్చినప్పుడు మనవడిని బాధపెడుతోంది.

మన దేశంలో ఈ జబ్బును నీలగిరి కొండల ఆదివాసుల్లో గుర్తించింది 1952లో. జాతీయ మిషన్ వచ్చింది 2023లో. మధ్యలో 71 ఏళ్ళు. ఈ 71 ఏళ్ళలో పరిశోధకులు ఆదివాసీ ఊళ్ళకు వచ్చారు, రక్తం తీసుకుపోయారు, పట్టాలు పొందారు. రక్తం ఇచ్చినవాళ్ళకు ఫలితం చెప్పినవాళ్ళు ఎంతమంది?

కిడ్నీ ఎందుకు ముందు దెబ్బతింటుంది

నొప్పి అరిపిస్తుంది కాబట్టి అందరికీ తెలుస్తుంది. కిడ్నీ అరవదు. అదే దాని ప్రమాదం.

రెండు కిడ్నీలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో నూటికి తొంభై తొమ్మిది వంతులు మళ్ళీ ఒంట్లోకి పీల్చుకుని, లీటరున్నరో రెండు లీటర్లో మూత్రంగా వదులుతాయి. మూత్రాన్ని ఇలా చిక్కబరిచే పని కిడ్నీ లోపలి భాగంలో జరుగుతుంది. అక్కడ మూడు గుణాలు ఉంటాయి: ప్రాణవాయువు తక్కువ, ఉప్పు ఎక్కువ, ఆమ్లం ఎక్కువ. ఎర్రకణం కొడవలిగా వంగడానికి కావలసిన మూడూ ఇవే. ఒంట్లో ఎక్కడ నొప్పి లేకపోయినా, మనిషి నవ్వుతూ థింసా ఆడుతున్నా, అతని కిడ్నీ లోపల కణాలు వంగుతూనే ఉంటాయి. సన్నని నాళాలు ఒక్కొక్కటిగా మూసుకుపోతూ ఉంటాయి.

మొదట పోయేది మూత్రాన్ని చిక్కబరిచే శక్తి. ఇది చిన్నతనంలోనే పోతుంది. నీళ్ళు తాగినా తాగకపోయినా మూత్రం పలచగా, ఎక్కువగా వస్తుంది. రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది. ఒంట్లో నీరు తగ్గితే మళ్ళీ కణాలు వంగుతాయి, మళ్ళీ నొప్పి వస్తుంది.

రెండోది, కిడ్నీ లోపలి ముక్కలు చచ్చి మూత్రంలో రక్తం పడటం. ఇది జబ్బు ఉన్నవాళ్ళకే కాదు, వాహకులకూ అప్పుడప్పుడు వస్తుంది. 'నీకు లక్షణమే గానీ జబ్బు లేదు' అని కార్డు చెప్పినా, మూత్రం ఎర్రగా వస్తే ఊరుకోకూడదు.

మూడోది అసలు గండం. రక్తం పలచన కాబట్టి గుండె ఎక్కువ రక్తం తోస్తుంది, కిడ్నీ ఎక్కువ వడకడుతుంది. చిన్నప్పుడు, యవ్వనంలో ఈ కిడ్నీ మామూలు కిడ్నీ కంటే ఎక్కువ పని చేస్తుంది. జల్లెడను రోజూ బలంగా కొడితే ఏమవుతుంది? కన్నాలు పెద్దవవుతాయి. ఒంట్లో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి జారిపోవడం మొదలవుతుంది. కంటికి కనపడదు, నొప్పి ఉండదు. ఏళ్ళ తరబడి ఇలాగే జారుతూ, వడకట్టే గుత్తులు ఒక్కొక్కటిగా మచ్చకట్టి ఎండిపోతాయి. పాదాలు ఉబ్బి, ఆయాసం వచ్చి, ఆకలి చచ్చిపోయి ఆసుపత్రికి చేరేనాటికి మిగిలేది కొంచెం.

అమెరికాలో డార్లీన్ పవర్స్ అనే డాక్టరు, ఆమె బృందం పాతికేళ్ళ పాటు సికిల్ సెల్ రోగుల్ని గమనించి 1991లో ఫలితాలు ప్రచురించారు. కిడ్నీలు పూర్తిగా చెడినవారిలో సగం మందికి ఆ స్థితి 23 ఏళ్ళ వయసు లోపే వచ్చింది. ఆ తర్వాత వాళ్ళు బతికింది సగటున నాలుగేళ్ళు. అది 30 ఏళ్ళ కిందటి మాట, మందులు కొంత మెరుగయ్యాయి. కానీ డయాలసిస్ వరకు రానిచ్చాక ఈ జబ్బులో మనిషిని నిలబెట్టడం ఎంత కష్టమో దాన్నిబట్టి తెలుస్తుంది. అందుకే ముందే పట్టుకోవాలి.

'క్రియాటినిన్ నార్మల్' అనే మాట

ముందే పట్టుకోవడానికి ఏం చేస్తున్నారు? చేస్తే గిస్తే ఒక రక్తపరీక్ష, క్రియాటినిన్. కాగితం మీద పక్కన 0.6 నుంచి 1.2 అని హద్దులు రాసి ఉంటాయి. మన మనిషికి 1.0 వచ్చిందనుకోండి. 'నార్మల్, పోండి' అంటారు.

ఇక్కడ లెక్కల మాస్టార్లు కొంచెం ఆగి చూడాలి. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. సికిల్ సెల్ మనిషి సన్నగా ఉంటాడు, కండ తక్కువ, కాబట్టి తయారయ్యేదే తక్కువ. పైగా ఈ జబ్బులో కిడ్నీ గొట్టాలు క్రియాటినిన్‌ను మామూలు కంటే ఎక్కువగా బయటికి నెడతాయి. పైగా యవ్వనంలో వడపోతే ఎక్కువ. ఈ మూడు కారణాల వల్ల ఇతనికి క్రియాటినిన్ 0.5 దగ్గర ఉండటం సహజం. క్రియాటినిన్ రెట్టింపయితే వడపోత సుమారు సగానికి పడిపోయినట్టు. 0.5 నుంచి 1.0కి వచ్చిన మనిషి సగం కిడ్నీ పని పోగొట్టుకున్నాడు. కాగితం మాత్రం నార్మల్ అంటుంది. ఆ హద్దులు మైదానంలో బాగా తిని కండపట్టిన ఆరోగ్యవంతుడి కోసం గీసినవి.

రక్తపోటు సంగతీ అంతే. సికిల్ సెల్ ఉన్నవారి బీపీ మామూలుగా ఇతరుల కంటే తక్కువ ఉంటుంది. అలాంటి మనిషికి 130/85 వస్తే 'పర్వాలేదు' అని పంపించేస్తారు. ఆ ఒంటికి అది ఎక్కువే.

నాకు వరసకు బావ అయ్యే ఒకాయన ఈ 'నార్మల్' మాట విని రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. వయసు 36. జబ్బు ఉందని తెలుసు. పాదాలు వాచాయని వెళ్తే క్రియాటినిన్ 1.1 అని రాసి, నొప్పులకు సూది వేసి పంపారు. మూత్రం ఎవరూ అడగలేదు. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఏ ఆసుపత్రిలోనైనా జరిగేది ఇదే. రెండేళ్ళ తర్వాత విశాఖపట్నం చేరేసరికి డయాలసిస్ అన్నారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆయన ఊరి నుంచి తారు రోడ్డుకు రావాలంటే డోలీ కావాలి. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు, నూరు కిలోమీటర్లకు పైనే. వారానికి మూడుసార్లు ఎలా దిగుతాడు, ఎలా ఎక్కుతాడు? ప్రతిసారీ నలుగురు కూలి మానుకుని మోయాలి. అక్క చెవి కమ్మలు అమ్మింది, తర్వాత ఆవును అమ్మింది.

అదే ఆయన మూత్రంలో ఆరేళ్ళ ముందు ఒక కాగితపు పట్టీ ముంచి ఉంటే? కొద్ది రూపాయల పట్టీ అది. మూత్రంలో ముంచి నిమిషం ఆగితే రంగు మారుతుంది. ప్రోటీన్ పోతోందో లేదో చెబుతుంది. కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. గర్భిణులకు ఇదే పరీక్ష మన ఏఎన్‌ఎంలు ఎప్పటినుంచో చేస్తున్నారు. అంటే పని చేతగాక కాదు, ఈ మనుషులకు చేయాలని ఎవరూ అనుకోకపోవడం. ఇంకా తొలిదశలో పట్టుకోవాలంటే మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చూసే పరీక్ష ఉంది. పట్టీకి దొరకనిది కూడా దానికి దొరుకుతుంది. అమెరికా జాతీయ వైద్య సంస్థ 2014లో ఇచ్చిన సూచనల ప్రకారం పదేళ్ళ వయసు నుంచి ఏటా మూత్రం చూడాలి. మన కొండల్లో నలభై ఏళ్ళు వచ్చినా ఒక్కసారి చూసినవాళ్ళు లేరు.

పట్టుకుంటే ఏం లాభం అని అడిగేవాళ్ళున్నారు. 1992లోనే అమెరికాలో పది మంది సికిల్ సెల్ రోగులకు రెండు వారాలు ఎనలాప్రిల్ మాత్ర ఇచ్చి చూస్తే మూత్రంలో పోయే ప్రోటీన్ సగానికి పైగా తగ్గింది. ఎనలాప్రిల్ కొత్త మందు కాదు, ఖరీదైన మందు కాదు. బీపీకి వాడే పాత మాత్ర. ఈ జాతి మందుల్ని, ప్రోటీన్ పోతున్న పెద్దవారికి వాడమని ఇప్పటి వైద్య మార్గదర్శకాలూ చెబుతున్నాయి. గర్భిణులు వాడకూడదు, పొటాషియం చూసుకుంటూ ఉండాలి. అందుకే డాక్టరు రాయాలి, మనం కొనుక్కుని మింగకూడదు. కానీ డాక్టరు రాయాలంటే ముందు ఎవరో ఒకరు మూత్రం చూడాలి కదా.

నొప్పి సూది

సంతకు వెళ్తే ఏం చూస్తాం? ఉప్పు, ఎండుచేపల పక్కనే నొప్పి మాత్రలు అమ్ముతారు. ఊళ్ళు తిరిగే వైద్యుడి సంచీలో మొదట ఉండేది డైక్లోఫెనాక్ సూది. నొప్పి అనగానే అదే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి మందులు కిడ్నీకి రక్తం తీసుకుపోయే నాళాల్ని బిగిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ నాలుగు రోజులు తట్టుకుంటుంది. లోపల నాళాలు ఇప్పటికే మూసుకుపోతున్న కిడ్నీకి, ఒంట్లో నీరు తగ్గిన వేళ ఈ సూది పడితే అది గొడ్డలిపెట్టే.

సూది వేయించుకున్నవాడిని నేను తప్పుపట్టను. ఆ నొప్పి ఎలాంటిదో పక్కనుండి చూసినవాళ్ళకే తెలుసు. రాత్రి రెండు గంటలకు కొండ మీద నొప్పితో మెలికలు తిరిగే మనిషికి 'కిడ్నీ పాడవుతుంది, ఓర్చుకో' అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. తప్పు పట్టాల్సింది వేరే మందు అందుబాటులో పెట్టనివాళ్ళని. నొప్పి తక్కువైతే పారాసిటమాల్, నీళ్ళు, వెచ్చదనం. ఎక్కువైతే ఆసుపత్రిలో సెలైన్, ట్రమడాల్, మార్ఫిన్. మార్ఫిన్ దొరకడం సులభం చేస్తూ పార్లమెంటు 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించింది. పదేళ్ళు దాటినా ఏజెన్సీ పీహెచ్‌సీలో సికిల్ సెల్ రోగికి అది దొరుకుతుందని నమ్మి బయలుదేరే మనిషిని నేను చూడలేదు. నొప్పులు రావడమే తగ్గించే హైడ్రాక్సీయూరియా నెలనెలా ఆగకుండా అందితే సూదుల అవసరమే తగ్గుతుంది. రెండు నెలలు ఇచ్చి మూడో నెల 'స్టాకు లేదు' అంటే మనిషి మళ్ళీ సంచీ వైద్యుడి దగ్గరికే పోతాడు.

నీళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 'రోజుకు మూడు లీటర్లు తాగండి' అని సలహా ఇవ్వడం తేలిక. వేసవిలో ఊట ఎండిపోయి, గెడ్డలో చెలమ తవ్వుకుని తవ్వెడు తవ్వెడు తోడుకునే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. రెండు కొండలు దిగి నీళ్ళు తెచ్చే ఆడమనిషికే సికిల్ సెల్ ఉంటే ఆమె ఎన్ని లీటర్లు తాగుతుంది? కుళాయి లేని ఊళ్ళో కిడ్నీ గురించి సలహాలు చెప్పడం, సలహా ఇచ్చేవాడి తృప్తికి తప్ప దేనికీ పనికిరాదు.

ఉద్దానం పక్కన మనం

శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి రాష్ట్రమంతటికీ తెలుసు. అక్కడి ప్రజలు ఏళ్ళ తరబడి అడిగారు, అరిచారు, పాదయాత్రలకు వచ్చిన ప్రతి నాయకుడినీ నిలదీశారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. అది వాళ్ళ పోరాట ఫలం. ఇంకా వాళ్ళకు రావాల్సింది చాలా ఉంది. వాళ్ళతో మనకు పోటీ లేదు.

కానీ ఒక తేడా గమనించండి. ఉద్దానంలో ఎందుకు వస్తోందో ఇంకా కచ్చితంగా తేల్చలేకపోతున్నారు. నీళ్ళనీ, మట్టినీ, మందుల్నీ పరీక్షిస్తున్నారు. మన కొండల్లో సికిల్ సెల్ కిడ్నీకి కారణం తెలుసు, దారి తెలుసు, ఏ పరీక్ష చేయాలో తెలుసు, ఏ మాత్ర ఇవ్వాలో తెలుసు. అక్కడ తెలియక వెతుకుతున్నారు. ఇక్కడ తెలిసీ చూడటం లేదు. ఏది పెద్ద తప్పు?

'ఇండియాలో సికిల్ సెల్ తేలికైనది' అనే మాట కూడా విన్నాను. మన దగ్గర కనిపించే రకంలో పసిపిల్లల హిమోగ్లోబిన్ కొంత ఎక్కువగా మిగిలి ఉంటుంది, కాబట్టి ఆఫ్రికా రకం కంటే కొందరిలో నొప్పులు తక్కువ అన్నది నిజమే. కానీ తక్కువ అంటే లేదని కాదు. పైగా చిన్నతనం దాటి ఎక్కువమంది పెద్దవాళ్ళవుతారు అంటే, కిడ్నీ దెబ్బతినే వయసుకు చేరేవాళ్ళూ ఎక్కువే అని అర్థం. అలాంటప్పుడు పెద్దవాళ్ళ వైద్యం ఇంకా ముందు ఉండాలి కదా? ఒడిశాలోని బుర్లాలో, ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్‌లో సికిల్ సెల్‌కు ప్రత్యేక సంస్థలు ఉన్నాయి. ఇప్పుడు పాడేరుకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడ చదువుకునే పిల్లలకు మొదటి పాఠం మన జబ్బే కావాలి.

రాష్ట్రం 2020 నుంచి సికిల్ సెల్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. అది దయ కాదు, హక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్‌ను వైకల్యాల జాబితాలో చేర్చింది. కానీ అదే చట్టం ఉద్యోగాల్లో ఇచ్చే 4 శాతం రిజర్వేషన్‌లో రక్తవ్యాధులకు చోటివ్వలేదు. పింఛను బతకడానికి, బతికి ఉండటానికి మాత్రం పరీక్ష కావాలి.

బడి నుంచే మొదలు

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. పెద్దవాళ్ళ కిడ్నీ కథ మన ఆశ్రమ పాఠశాలల్లోనే మొదలవుతుంది. పన్నెండేళ్ళ పిల్లాడు పక్క తడిపితే హాస్టల్లో ఏం జరుగుతుంది? దుప్పటి ఎండలో వేసి అందరి ముందూ నిలబెడతారు. పేరు పెడతారు. వాడు సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేస్తాడు. వారానికి నొప్పి వస్తుంది. ఎవరికీ ఆ రెండింటికీ సంబంధం ఉందని తోచదు. పాఠం మధ్యలో రెండోసారి 'సార్, పాస్‌కి' అన్న పిల్లని కూర్చోమంటాం. సికిల్ సెల్ ఉన్న బిడ్డకు అది అల్లరి కాదు, కిడ్నీ చెబుతున్న మొదటి మాట. ఆ బిడ్డ బెంచీ మీద నీళ్ళ సీసా ఉండాలి. అడిగినప్పుడల్లా పంపాలి. మరుగుదొడ్డికి తాళం ఉండకూడదు. నొప్పి వస్తే హాస్టల్లో ఏ మాత్ర ఇస్తున్నారో మనం చూడాలి. కార్డు ఉన్న పిల్లల జాబితా హెడ్మాస్టర్ బీరువాలో కాదు, తరగతి టీచరుకు గుట్టుగా తెలిసి ఉండాలి.

యువతకు ఇంకో మాట. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే మన అవ్వలకు తెలుగు కరపత్రం ఏం చెబుతుంది? ఈ సంగతి మన భాషల్లో చెప్పగలిగినది మీరే. సెల్‌ఫోన్లో ఒక నిమిషం మాట రికార్డు చేసి పంపండి: మూత్రం నురగగా వస్తే, ఎర్రగా వస్తే, పొద్దున్నే ముఖం, పాదాలు వాస్తే చూపించుకోండి, నొప్పి సూది వేసేవాడికి ముందు 'నాకు సికిల్ ఉంది' అని చెప్పండి.

మనం అడగాల్సింది

మన అడుగు పెద్దది కాదు. అయిదు మాటల్లో అయిపోతుంది.

ఒకటి, పదేళ్ళు దాటిన ప్రతి సికిల్ సెల్ రోగికీ ఏటా మూత్రపరీక్ష, బీపీ, క్రియాటినిన్ చేసి, ఆ అంకెల్ని ఆ కార్డు వెనకే రాయాలి. ఏటికేడు పోల్చి చూస్తేనే 0.5 ఎప్పుడు 0.8 అయిందో తెలుస్తుంది. రెండు, 40 ఏళ్ళ హద్దు ఎత్తేయాలి. మూడు, హైడ్రాక్సీయూరియా, ఎనలాప్రిల్ లాంటి మందులు ఏజెన్సీ పీహెచ్‌సీల్లో ఆగకుండా ఉండాలి. నాలుగు, నొప్పితో వచ్చిన రోగికి కిడ్నీని చంపని మందు ఇవ్వాలి. అయిదు, నీళ్ళు. రోగి ఉన్న ప్రతి ఊరికీ ముందు కుళాయి.

ఎవరిని అడగాలి అంటారా? మనది అయిదో షెడ్యూల్ ప్రాంతం. 1996 పెసా చట్టం సామాజిక రంగాల్లోని సంస్థల మీద, ఉద్యోగుల మీద అదుపు చేసే అధికారాన్ని గ్రామసభకూ, పంచాయతీలకూ ఉంచమంది. పీహెచ్‌సీ అలాంటి సంస్థే. రాబోయే గ్రామసభలో ఈ అయిదు మాటలూ తీర్మానంగా రాయించండి. ఊరిలో ఎంతమంది రోగులున్నారు, వారిలో ఎంతమందికి ఈ ఏడాది మూత్రం చూశారు అని రెండే అంకెలు అడగండి. రెండో అంకె సున్నా అని డాక్టరుగారి నోటితోనే చెప్పించి, మినిట్స్ పుస్తకంలో రాయించండి. ఆ కాగితం నకలు ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి, మరో నకలు కలెక్టరుకు పంపండి. మూడు నెలలకు మళ్ళీ అదే అంకె అడగండి.